గుంట మనది, లెక్క ఎవరిది?

నెల్లూరు జిల్లాలో విడవలూరు దాటి సముద్రం వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలే. కిందటి నెల అక్కడ తెలిసిన రైతు గట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. కాపలా కుర్రాడు చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి, తడిచేతిని లుంగీకి తుడుచుకుని, ఫోన్ తీసి యాప్‌లో ఏదో నొక్కాడు. ఆ తర్వాత షెడ్డులోకి పోయి, గుంజకు తాడుతో కట్టిన నోటుబుక్కులో అదే అంకె మళ్లీ రాశాడు.

యాప్‌లో కొట్టావు కదా, మళ్లీ ఇదెందుకని అడిగాను.

"అది కంపెనీ వాళ్లకు అన్నా. ఇది మాకు" అన్నాడు.

బిజినెస్ ఇంటెలిజెన్స్, అంటే వ్యాపారపు అంకెల్ని నిర్ణయాలకు పనికొచ్చేలా విడమర్చే రంగంలో కొత్త పోకడలేమిటని ఏ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. అంకెలన్నీ ఒకచోట చూపే తెరల, అదే డ్యాష్‌బోర్డుల, కాలం అయిపోయింది, ఇక ప్రశ్న మామూలు మాటల్లో అడిగితే కృత్రిమ మేధే జవాబిస్తుంది, లెక్క నెలాఖరుకు కాదు ఈ క్షణాన్నే కనబడుతుంది, రేపేం జరుగుతుందో ముందే చెప్తుంది, ఏం చేయాలో కూడా తనే చేసేస్తుంది. నిజమే. 1958లో ఐబీఎంలో హన్స్ పీటర్ లూన్ ఈ పేరుతో వ్యాసం రాసినప్పుడు ఊహగా ఉన్నది ఇప్పుడు జేబులో ఫోనులోకి వచ్చింది. వీటి విలువ తెలియాలంటే ఒక్క బేరం చాలు: అంకెల్ని బొమ్మలుగా చూపే టాబ్లో కంపెనీని 2019లో సేల్స్‌ఫోర్స్ 1570 కోట్ల డాలర్లకు కొంది. కానీ వీటిలో ఏదీ అసలు పోకడ కాదంటాను. అసలు సంగతి ఆ కాపలా కుర్రాడి రెండు ముక్కల్లో ఉంది. లెక్క పుట్టేది ఒకరి దగ్గర, పండేది మరొకరి దగ్గర. ఆ దూరం ఏటికేడు పెరుగుతోంది.

రొయ్య లెక్కనే తీసుకోండి. ఎకరం గుంటలో లక్షా ఇరవై వేల పిల్ల వేశారనుకుందాం. రొయ్య 20 గ్రాములకు వచ్చింది, అంటే కిలోకు 50 తూగుతాయి, దాన్నే 50 కౌంట్ అంటారు. నీళ్లలో ఎంత సరుకుంది? పిల్లలో 80 శాతం బతికితే 96 వేలు, అంటే 1,920 కిలోలు. 70 శాతమే బతికితే 1,680. మధ్యలో 240 కిలోల తేడా. నీళ్ల కింద ఉన్నదాన్ని కంటితో లెక్కపెట్టలేం కాబట్టి, మన రైతు ఈ తేడాను అనుభవంతో, చెక్ ట్రేలో మిగిలిన మేతతో, వల విసిరి పట్టిన నాలుగు రొయ్యలతో అంచనా వేస్తాడు. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఆ అంచనా తప్పితే నష్టం సంచుల్లెక్కన పడుతుంది. యాప్ ఇక్కడ నిజంగా సాయం చేస్తుంది, కాదనను. రోజూ వేసిన మేత, నీటిలో ఆక్సిజన్, ఉప్పదనం, వారానికోసారి తూకం ఇవన్నీ ఇస్తే అది ఒక రైతు ఊహ కంటే దగ్గరగా చెప్పగలదు.

ఇప్పుడు అదే యాప్ వెయ్యి గుంటల్లో ఉందనుకోండి. అల్లూరు నుంచి ముత్తుకూరు దాకా వచ్చే ఇరవై రోజుల్లో ఎన్ని టన్నుల 50 కౌంట్ గట్టెక్కుతుందో, ఎవరి గుంటలో ఆక్సిజన్ పడిపోయి రేపోమాపో తప్పనిసరిగా పట్టుబడి పెట్టాలో (రొయ్యలన్నీ పట్టి అమ్మాలో), ఎవరికి మేత బాకీ పేరుకుపోయిందో దానికి తెలుసు. రైతుకు తన గుంట సంగతే సగం తెలుసు. ఈ రెంటి మధ్య ధర తేలాలి. ఫలానా కంపెనీ ఈ సమాచారాన్ని కొనేవాళ్లకు అమ్మిందని నేననడం లేదు. అమ్మదలిస్తే ఆపేదేమీ లేదంటున్నాను. మేత అమ్మేవాడు, అప్పిచ్చేవాడు, సరుకు కొనేవాడు ఒకే గొడుగు కిందికి వస్తున్న రోజుల్లో ఇది ఊరికే వచ్చే అనుమానం కాదు. ఆ రైతు మాటే చెప్తాను: "నా గుంటలో ఎంత రొయ్య ఉండాదో నాకంటే ముందు కొనేవోళ్లకే తెలిసిపోతా ఉండాదన్నా. ఇంక నేనేం బేరమాడేది?"

2025 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. 2వ తేదీన అమెరికా సుంకాల ప్రకటన వచ్చింది. రోజుల్లోనే ఇక్కడ రేట్లు దిగాయి. 9వ తేదీన ఆ సుంకాల్లో 10 శాతం ఉంచి మిగతాది మూడు నెలలు వాయిదా వేశారు. ఆ వారంలో గట్టెక్కిన సరుకు మీద, చాలాభాగం ఇంకా అమల్లోకి రాని సుంకం కోత పడింది. అప్పటికే కుదిరిన ఆర్డర్లెన్ని, శీతల గిడ్డంగుల్లో ఉన్న సరుకెంత, దారిలో ఉన్న కంటైనర్లెన్ని అన్న లెక్కలు ఒక పక్షం, అంటే ఎగుమతిదారుల దగ్గరే ఉన్నాయి. రెండో పక్షం దగ్గర వాట్సాప్ ఉంది. ఆగస్టు చివర్లో సుంకం నిజంగానే 50 శాతానికి చేరినప్పుడు, ఎంత కోత న్యాయమో, ఎంత కోత అదను చూసి వేసిందో తేల్చడానికి రైతు సంఘాల చేతిలో ఒక్క అంకె లేదు. మంత్రుల దగ్గరికి వినతిపత్రాలు పట్టుకుపోయారు.

ఆ వాట్సాప్ గురించి కూడా చెప్పాలి. పొద్దున్నే గ్రూపులో ఒక బొమ్మ వస్తుంది: 30 కౌంట్ ఇంత, 40 ఇంత, అలా 100 దాకా. అందరూ చూస్తారు, దండం గుర్తు పెడతారు, సాయంత్రానికి అది పెళ్లి శుభలేఖల కిందకీ, గుడ్ మార్నింగ్ గులాబీల కిందకీ జారిపోతుంది. పోయినేడు ఇదే నెలలో 60 కౌంట్ ఎంతుందని అడగండి, ఠక్కున చెప్పే రైతు దొరకడు. వేల కోట్ల సరుకు ధరల చరిత్ర మొత్తం ఫోన్ గ్యాలరీల్లో బొమ్మలుగా చెల్లాచెదురుగా పడి ఉంది. డిగ్రీ చదివే పిల్లవాడు పది రోజులు కూర్చుంటే మూడేళ్ల రేట్లు ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కుతాయి. దానికి కృత్రిమ మేధ అక్కర్లేదు. ఎవరూ ఎక్కించలేదు, అంతే.

యాప్ కంపెనీల వాదనా ఉంది. సెన్సర్లు మేమిచ్చాం, టెక్నీషియన్‌ను మేం పంపాం, రైతు పైసా కట్టలేదు, సమాచారం కూడా తీసుకోవద్దంటే ఎలా అంటారు. రైతులేమన్నా ఒకరికొకరు చెప్పుకుంటున్నారా, తెల్లమచ్చ తెగులు వచ్చిన గుంటను రాత్రికి రాత్రి కాలవలోకి వదిలి పక్కవాడికి మాట కూడా చెప్పరు కదా అనీ అంటారు. ఈ రెండోది నిజం, సిగ్గుపడాల్సిన నిజం. మొదటిది మాత్రం నిలవదు. ఊరికే ఇచ్చిన యాప్‌కు ధర కట్టామో లేదో తెలియాలంటే ముందు మనం ఇచ్చిందాని విలువ తెలియాలి. యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగు రొయ్యల్లో పరీక్షకు లాగే వాటాను సగానికి పెంచింది. ఏ గుంటలో పెరిగింది, ఏ మందు పడింది అన్న చరిత్ర చూపగలిగిన సరుకుకే రేపటి గిరాకీ. ఆ చరిత్రను గుంజకు కట్టిన నోటుబుక్కులో రాసింది ఆ కాపలా కుర్రాడే.

నేను చెప్పేది ఆకాశానికి నిచ్చెన కాదు. కూతవేటు దూరంలో రుజువుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలకు పోయి చూడండి. బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి, ప్రతి బేలు మీదా చీటీ ఉంటుంది, కొనుగోలుదారులు వరస వెంట నడుస్తారు, ఏ బేలు ఎంతకు పోయిందో, ఏది కొనేవాడు లేక నోబిడ్ అయిందో అక్కడున్న అందరికీ తెలుస్తుంది. కొండపి రైతుకు టంగుటూరు ధర ఆ రాత్రికే తెలుసు. పొగాకు బోర్డు 1976 నుంచీ ఉంది. ఏ బ్యారన్ (ఆకు క్యూరింగ్ చేసే కొట్టం) ఎవరిది, ఎంత పండించడానికి అనుమతి, ఎంత అమ్మారు అన్నీ నమోదవుతాయి. ఇవాళ సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పే పారదర్శకత ప్రకాశం జిల్లా వేలం నేల మీద ఎప్పటినుంచో నడుస్తోంది.

దాని వల్ల ధర పడలేదని కాదు. 2015లో పడింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఊళ్లలో తిరిగినవాణ్ణి, మర్చిపోలేను. అయితే పడుతున్న ధర అందరి కళ్ల ముందూ పడింది, ఏ రోజు ఎంత పడిందో కాగితం మీద ఉంది, నిలదీయడానికి ఒక గుమ్మం ఉంది. అదే 2025లో హెచ్‌డీ బర్లీ పొగాకు సంగతి చూడండి. అదీ పొగాకే, పండించిందీ ఈ చుట్టుపక్కల రైతులే, కానీ ఆ రకానికి బోర్డు వేలం లేదు. బోర్డు వేలంలో అమ్ముడయ్యే వర్జీనియా రకానికి ఉన్న వెలుగు దానికి లేదు. ఎన్ని ఎకరాల్లో వేశారో, కంపెనీలకు నిజంగా ఎంత కావాలో రైతుకు తెలిసే దారి లేకుండానే సాగు పెరిగిపోయింది. ధర కూలింది. చివరికి సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వం కొనిపించాల్సి వచ్చింది. లెక్కలు చీకట్లో ఉంటే ఎంత ఖర్చో తెలుసుకోవడానికి వేరే పరిశోధన అక్కర్లేదు. ఆ ఖర్చు ఖజానా నుంచి, అంటే మన జేబులోంచే పోయింది.

ఇక తెలుగులో అడిగితే తెలుగులో జవాబిచ్చే కృత్రిమ మేధ గురించి. అందరూ దీన్నే పండగ చేసుకుంటున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదు. నెల్లూరులో ధాన్యం రైతు ధర ఎప్పుడూ పుట్టి లెక్కన చెప్తాడు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. తేమ ఉందనీ తాలు ఉందనీ అంతకంటే ఎక్కువ తూకం వేసుకునే దళారులు ఉండనే ఉన్నారు. అంటే కాగితం మీద పుట్టి వేరు, కాటా మీద పుట్టి వేరు. ప్రభుత్వ లెక్క క్వింటాళ్లలో ఉంటుంది. "ఈసారి పుట్టికి ఎంత మిగిలింది?" అని మిషన్‌ను అడిగితే ఏ పుట్టికి చెప్పాలి? రొయ్యల్లోనూ ఇదే తంటా. ఎకరం అంటే నీటి విస్తీర్ణమా, గట్లతో కలిపా? కౌలు మాట్లాడేటప్పుడు ఒకటి, పిల్ల వేసేటప్పుడు మరొకటి. ఈ మాటలకు అర్థాలు రాసిపెట్టే పొరకు పరిశ్రమలో సెమాంటిక్ లేయర్ అని పేరు, ఇప్పుడు అందరూ దాని వెంటే పడుతున్నారు. మన జిల్లాకు ఆ పొర రాయాల్సింది ఎవరు? బెంగళూరులో కూర్చున్న ఇంజినీరుకు పుట్టి తెలియదు. తెలిసిన వాళ్లను ఎవరూ అడగరు. అడక్కుండా కట్టిన మిషన్ చక్కటి తెలుగులో కాకి లెక్కలు చెప్తుంది.

ఇక్కడే నా కడుపు మంట బయటపెడతాను. చీమకుర్తి చూసినవాళ్లకు అర్థమవుతుంది. నల్లటి గెలాక్సీ గ్రానైట్ కొండంత గుంతలోంచి పైకొస్తుంది, బ్లాకుగా లారీ ఎక్కుతుంది, ఓడ ఎక్కుతుంది, పరాయి దేశంలో పలకై మెరుస్తుంది. మనకు మిగిలేది గుంత, దుమ్ము, కూలి. పొగాకు ఆకుగా పోతుంది. రొయ్యలో చాలాభాగం తల తీసి, ఐసులో గడ్డకట్టి పోతుంది. ముడి సరుకు పంపి పక్కకు తప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ఇప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఎంతన్న అంకె కూడా ముడిగానే పోతోంది, పలకై తిరిగొచ్చి మనకే అమ్ముడవుతుంది. మన పిల్లల సంగతీ అంతే. కావలి, కందుకూరు, కనిగిరి కాలేజీల్లో చదివిన పిల్లలు అంకెల్ని బొమ్మలుగా గీసే సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ నేర్చుకుని చెన్నైలో, బెంగళూరులో కూర్చుని, అమెరికాలో ఏ దుకాణంలో ఏ సబ్బు ఎంత అమ్ముడైందో బొమ్మలు గీస్తున్నారు. సంక్రాంతికి ఇంటికొచ్చి నాన్న గుంట గట్టు మీద సెల్ఫీ దిగుతారు. షెడ్డులో నోటుబుక్కు తెరిచి చూడరు. వాళ్లను తప్పుపట్టలేను. ఆ నోటుబుక్కు చూసినందుకు జీతమిచ్చేవాడు జిల్లాలో లేడు.

చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. యూరప్ డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లో ఉంది. ఇంటర్నెట్‌కు కలిసిన యంత్రాన్ని వాడేవాడికి, ఆ వాడకంలో పుట్టిన సమాచారం అందాలని, అతను కోరితే మరొకరికి బదిలీ చేయాలని అది చెప్తోంది. ట్రాక్టరుకైనా అదే మాట. మన దగ్గర 2023 నాటి చట్టం మనుషుల వ్యక్తిగత వివరాల కోసం పుట్టింది, గుంట నీళ్ల కోసం కాదు. రాష్ట్రంలో ఆక్వాకల్చర్ అభివృద్ధికి 2020లో చట్టం చేసి అప్సడా అనే ప్రాధికార సంస్థను పెట్టుకున్నాం. రైతు అడిగితే అతని గుంట సమాచారం మొత్తం ఫైలుగా ఇవ్వాలి, అతని సంతకం లేకుండా కొనుగోలుదారుకు చేరకూడదు అని యాప్‌లకు ఒక్క షరతు పెట్టడానికి ఇంకా ఏ ముహూర్తం కావాలి? 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర మొదలుపెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్న ప్రభుత్వానికి, అందులోనే కౌంట్ల వారీగా మూడేళ్ల రేట్లు పెట్టడం పెద్ద పనా? ఎగుమతిదారుల గిడ్డంగి నిల్వలు వారం వారం, ఎవరి పేరూ లేకుండా మొత్తంగానైనా సరే, బయటపెట్టాలని అడగడం తప్పా? రైతు సంఘాలు ఈసారి వినతిపత్రం రాస్తే మద్దతు ధరకు ముందు ఈ మూడూ రాయాలి.

నేను బయల్దేరే ముందు ఆ రైతు ఇంకో సంగతి చెప్పాడు. ఉగాది ముందు ఆయన ఫోన్ గుంటలో పడింది. మూడేళ్ల రేట్ల బొమ్మలు, వ్యాపారితో మాటలు, పట్టుబడి ఫొటోలు అన్నీ అందులోనే పోయాయి. గుంట వివరాలు మాత్రం యాప్ కంపెనీ దగ్గర భద్రంగా ఉన్నాయట. పాత పంటలవి ఒకసారి ఇమ్మని టెక్నీషియన్‌ను అడిగితే, హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టమన్నాడు. ఈయనకు మెయిల్ లేదు. కొడుకు బెంగళూరు నుంచి పెట్టాడు. రెండు నెలలైంది.