వేటగాడికీ వారెంటు వర్తించాలి

2006 సెప్టెంబరు 14న హవాయిలో అమెరికా మార్షల్స్ ఒక టీవీ ప్రముఖుణ్ణి అరెస్టు చేశారు. పేరు డ్వేన్ చాప్‌మన్. బెయిలు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లను వెంటాడి పట్టుకోవడం ఆయన వృత్తి; ఇలాంటివాళ్లను బౌంటీ హంటర్లు అంటారు. ఆ వేటే టీవీ షోగా మారి ఇంటింటా ఆయన పేరు తెలిసేలా చేసింది. ఆయనతో పాటు కొడుకు లీలాండ్, సహచరుడు టిమ్ చాప్‌మన్ (ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు) కూడా దొరికారు. వీళ్లను తమకు అప్పగించమని అడిగింది మెక్సికో. అక్కడ కేసు నమోదై, బెయిలు మీద బయటికొచ్చి, అది తేలకముందే ముగ్గురూ అమెరికాకు వచ్చేశారు. బెయిలు ఎగవేతదారులను పట్టేవాడే బెయిలు ఎగవేశాడని నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు. కానీ ఆ అరెస్టు లేవనెత్తిన ప్రశ్న నవ్వుకుని వదిలేసేది కాదు. పరాయి దేశంలోకి వెళ్లి మనిషిని బలవంతంగా పట్టుకున్న బౌంటీ హంటర్‌ను ఆ దేశానికి అప్పగించాలా? అప్పగించాలనే నా అభిప్రాయం. పట్టుబడినవాడు ఎంత దుర్మార్గుడైనా సరే.

ఈ కథలో పట్టుబడినవాడి మీద జాలిపడేవాళ్లు ఎవరూ ఉండరు. ఆండ్రూ లస్టర్, సౌందర్య సాధనాల కంపెనీతో పేరు పొందిన మాక్స్ ఫ్యాక్టర్‌కు మునిమనవడు. మహిళలకు మత్తుమందు ఇచ్చి అత్యాచారాలు చేశాడన్న కేసులో పది లక్షల డాలర్ల బెయిలు మీద ఉంటూ, 2003 జనవరిలో కాలిఫోర్నియాలోని వెంచురా కౌంటీలో విచారణ నడుస్తుండగానే మాయమయ్యాడు. అతను లేకుండానే విచారణ ముగించి 86 అభియోగాల్లో దోషిగా తేల్చారు, 124 ఏళ్ల జైలుశిక్ష వేశారు. దాన్ని చాలాకాలం తర్వాత 50 ఏళ్లకు తగ్గించారు.

2003 జూన్ 18న మెక్సికో పసిఫిక్ తీరంలోని ప్యుయెర్తో వయార్తాలో చాప్‌మన్ బృందం అతన్ని పట్టుకుని బండిలో వేసుకుంది. చూసినవాళ్లు పోలీసులకు చెప్పడంతో వేటాడినవాళ్లు, వేటకు చిక్కినవాడు అందరూ కలిసి ఠాణాకు చేరారు. స్థానిక పోలీసులకు అప్పగించడానికే తీసుకెళ్తున్నామని చాప్‌మన్ వాదించారు. మెక్సికో చట్టంలో బౌంటీ హంటర్లకు చోటు లేదు. పోలీసు కాని మనిషి మరో మనిషిని ఎత్తుకెళ్తే అక్కడ అది స్వేచ్ఛను హరించిన నేరమే.

ఆ తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. లస్టర్‌ను అమెరికా జైలుకు చేర్చింది చాప్‌మన్ బండి కాదు. మెక్సికో అధికారులే అతన్ని మర్నాడు దేశం నుంచి పంపించేశారు. అంటే చట్టబద్ధమైన దారి తెరిచే ఉంది, అది ఒక్క రోజులో పనిచేసింది కూడా. లస్టర్ జాడ కనిపెట్టడం చాప్‌మన్ ఘనతే, కాదనను. కానీ జాడ కనిపెట్టడానికీ చెయ్యి వేయడానికీ మధ్య ఒక గీత ఉంది. దాని ఇవతలే ఆగి ఠాణాకు వెళ్లి చెప్పివుంటే ఆయన మీద కేసే ఉండేది కాదు.

అమెరికాలో మాత్రం జనం చాప్‌మన్ పక్షమే నిలిచారు. అప్పగింతకు ఒప్పుకోవద్దని 29 మంది కాంగ్రెస్ సభ్యులు విదేశాంగ మంత్రి కొండలీజా రైస్‌కు లేఖ రాశారు. చివరికి 2007లో ప్యుయెర్తో వయార్తా కోర్టే గడువు మీరిపోయిందని కేసు మూసేసింది, దాంతో నవంబరులో హొనలూలూ మేజిస్ట్రేట్ జడ్జి అప్పగింత ప్రక్రియనూ ముగించారు. చాప్‌మన్ చేసింది తప్పు కాదని ఏ కోర్టూ చెప్పలేదు. ఆయన్ను గట్టెక్కించింది క్యాలెండరు. అంతకుముందు, జప్తయిన బెయిలు సొమ్ములోంచి తన ఖర్చులు ఇప్పించమని ఆయన అడిగితే వెంచురా జడ్జి నిరాకరించారు కూడా.

ఈ వృత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే మన పాఠకులకు విషయం అందదు. డబ్బు తీసుకుని బెయిలుకు పూచీ పడే కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. ఆ వ్యాపారం ప్రపంచంలో అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప మరెక్కడా పెద్దగా లేదు. అమెరికాలోనూ ఇల్లినాయ్, కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. మిగతా చోట్ల నిందితుడు బెయిలు మొత్తంలో సుమారు పది శాతం ఫీజు కడితే కంపెనీ కోర్టుకు హామీ ఇస్తుంది. అతను పారిపోతే మొత్తం సొమ్ము కంపెనీయే కట్టాలి. అందుకే వెతికి తెచ్చేవాళ్లను కిరాయికి పెట్టుకుంటుంది. పూచీ పడ్డవాడు నిందితుణ్ణి ఎప్పుడైనా పట్టుకోవచ్చని, మరో రాష్ట్రంలోకైనా వెంటాడవచ్చని 1870లలో టేలర్ వర్సెస్ టెయింటర్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు రాసింది. ఈ వృత్తి నేటికీ ఆ వాక్యాల మీదే నిలబడి ఉంది.

ఆ హక్కు దేశ సరిహద్దు దాటుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చాప్‌మన్ కంటే ఇరవై ఏళ్ల ముందే వచ్చింది, అదీ పేరూ ఊరూ లేని ఇద్దరు వేటగాళ్ల కేసులో.

సిడ్నీ జాఫీ ఫ్లోరిడాలో భూముల వ్యాపారి. ప్లాట్ల అమ్మకాల్లో చట్టం ఉల్లంఘించాడన్న కేసులో 137,500 డాలర్ల బెయిలు మీద ఉండి, టొరంటోకు వెళ్లి విచారణకు రాలేదు. ఫ్లోరిడా అప్పగింత కోరుతూ కాగితాలు పంపింది, అవి సరిగా లేవని వెనక్కి వచ్చాయి. సరిచేసి మళ్లీ పంపడమే చేయాల్సిన పని. ఈలోగా బాండ్ కంపెనీకి డబ్బు కట్టాల్సిన గడువు దగ్గరపడింది. 1981 సెప్టెంబరులో కియర్, జాన్సన్ అనే ఇద్దరు టొరంటోలో జాఫీని పట్టుకుని సరిహద్దు దాటించి ఫ్లోరిడాకు చేర్చారు. అక్కడ అతనికి 35 ఏళ్ల శిక్ష పడింది. ప్లాట్ల అమ్మకాల కేసులో 35 ఏళ్లు! విచారణకు హాజరు కానందుకు వేసిన శిక్ష కలిపినా సరే, ఆ అంకె చూస్తే ఎవరి కోపం ఎవరి మీద తీరిందో అర్థమవుతుంది.

కెనడా ఊరుకోలేదు. నిరసన తెలిపింది, అమెరికా కోర్టుల దాకా వెళ్లింది. జాఫీని విడిచిపెట్టమని అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్, అటార్నీ జనరల్ విలియం ఫ్రెంచ్ స్మిత్ ఫ్లోరిడాను కోరాల్సి వచ్చింది. 1983లో అతను బయటపడ్డాడు. ఆ ఏడాదే తన అప్పగింతను ఆపమని కియర్ పెట్టుకున్న పిటిషన్‌ను నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తోసిపుచ్చింది. టేలర్ తీర్పు ఇచ్చిన హక్కు అమెరికా హద్దుల్లోపలే చెల్లుతుందని, విదేశంలో అది కవచం కాదని తేల్చింది. ఇద్దరినీ కెనడాకు అప్పగించారు, అక్కడ కిడ్నాప్ నేరం రుజువైంది. ఆకాశం విరిగిపడలేదు. అమెరికాలో బెయిలు బాండ్ల వ్యాపారం మూతపడలేదు. 1988లో ఇలాంటి అపహరణలు అప్పగింతకు తగిన నేరాలేనని రెండు దేశాలూ లేఖల రూపంలో ఒప్పుకున్నాయి కూడా.

కియర్‌కు వర్తించిన న్యాయం చాప్‌మన్‌కు ఎందుకు అంత బరువైంది? ఒకరికి టీవీ షో ఉంది, ఇంకొకరికి లేదు. అడిగిన దేశం ఒకసారి కెనడా, ఇంకోసారి మెక్సికో. ఇంతకు మించిన తేడా చట్టంలో నాకు కనబడలేదు.

ఇక అసలు వాదనకొస్తాను. 1883లో ఫ్రెడరిక్ కెర్ అనే నిందితుడు పెరూ రాజధాని లీమాలో ఉన్నాడు. అప్పగింత పత్రాలతో వెళ్లిన పింకర్టన్ ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనిషి హెన్రీ జూలియన్ వాటిని అక్కడి ప్రభుత్వానికి చూపనే లేదు. కెర్‌ను బలవంతంగా ఓడ ఎక్కించి తెచ్చేశాడు. నన్ను ఎత్తుకొచ్చారు కాబట్టి విచారించే అధికారం మీకు లేదని కెర్ వాదిస్తే 1886లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మనిషి కోర్టులో ఉన్నాడు, ఎలా వచ్చాడన్నది మాకు అనవసరం అంది. ఈ తీర్పును పోలీసులు, ప్రాసిక్యూటర్లు నేటికీ వాడుతూనే ఉన్నారు. అందులోనే ఉన్న మరో మాట మాత్రం ఎవరూ ఎత్తరు. జూలియన్ చేసింది కిడ్నాపే, పెరూ అడిగితే ఒప్పందం ప్రకారం అతన్ని అప్పగించవచ్చు, అక్కడి కోర్టు విచారించవచ్చు అని అదే తీర్పు చెప్పింది.

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఊతం. ఎత్తుకొచ్చినా విచారణ ఆగదు అన్నప్పుడు బాధిత దేశానికి మిగిలే ఊరట ఎత్తుకొచ్చినవాడి మీద చర్యే. అదీ ఇవ్వబోమంటే ఇక సరిహద్దు పటంలో గీతే. తొలి సగం చదివి రెండో సగం దాటేసేవాళ్లు తీర్పును సగానికి చింపి వాడుకుంటున్నట్టే.

దీనికి ఎదురు వాదనల్లో నాకు బలంగా తోచేది ఒకటుంది. ప్రభుత్వమే ఈ పని చేయించినప్పుడు ఎవరినీ అప్పగించదు కదా, మరి కిరాయి మనిషిని ఎందుకు బలి ఇవ్వాలి అని. 1990 ఏప్రిల్‌లో మెక్సికోలోని గ్వాదలహారా డాక్టర్ ఉంబెర్తో అల్వారెస్ మచాయిన్‌ను ఆయన ఆఫీసు నుంచి ఎత్తుకుని విమానంలో అమెరికాలోని ఎల్ పాసోకు చేర్చారు. ఐదేళ్ల ముందు అమెరికా మత్తుపదార్థాల నిరోధక సంస్థ డీఈఏ ఏజెంటు ఎన్రీకే కమరేనాను చిత్రహింసలు పెట్టి చంపిన కేసులో ఆయన నిందితుడు. డబ్బిచ్చి చేయించింది డీఈఏ మనుషులే. 1992లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో విచారణకు అడ్డు లేదంది. ఆ ఏడాది చివర్లో సాక్ష్యం చాలదని లాస్ ఏంజెలెస్ జడ్జి ఆయన్ను నిర్దోషిగా వదిలేశారు. చేయించినవాళ్లను మెక్సికో అడిగినా అమెరికా ఇవ్వలేదు. ఇది అన్యాయమే. అయితే పెద్దవాడు తప్పించుకున్నాడని చిన్నవాణ్ణి వదిలేయడం దానికి విరుగుడు కాదు. ప్రైవేటు వేటగాడి వెనక ఉండేది రాజ్య ప్రయోజనం కూడా కాదు, ఎవరో కట్టాల్సిన డబ్బు గడువు.

మన దగ్గర ఈ వ్యాపారం లేదు. ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో పట్టుకుని బంధువో ఊరివాడో కోర్టులో జామీను ఉంటాడు. ముద్దాయి రాకపోతే బాండు సొమ్ము జామీనుదారు నెత్తిన పడుతుంది, పట్టి తెచ్చేది మాత్రం వారెంటు మీద పోలీసులే. ప్రకటిత నేరస్థుణ్ణి మామూలు పౌరుడు పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ అంటుంది, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించమంటుంది.

అలాగని ఈ గొడవ మనకు పూర్తిగా దూరం కాదు. బ్యాంకు మోసం కేసులో నిందితుడైన వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ 2021 మేలో ఆంటిగ్వాలో మాయమై డొమినికాలో తేలాడు. తనను ఎత్తుకెళ్లారని ఆరోపించాడు, సీబీఐ దాన్ని కొట్టిపారేసింది. అయినా ఆ ఆరోపణ నీడలోనే 2022లో అతని మీదున్న ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు రద్దయింది. చివరికి 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో అరెస్టయింది అప్పగింత అభ్యర్థన మీదే. దొడ్డిదారి అన్న అనుమానమే కేసును ఎంత వెనక్కి లాగుతుందో చూడండి.

వేటగాణ్ణి ఒక్కణ్ణే పంపితే సరిపోతుందా? సరిపోదు. జాఫీని పట్టిన ఇద్దరికి పని అప్పజెప్పింది బాండ్ వ్యాపారం. వేటగాణ్ణి పంపించినవాళ్ల దాకా అప్పగింత అభ్యర్థన చేరాలి, తెలిసి డబ్బిచ్చిన కంపెనీని కుట్రలో భాగస్వామిగా చూడాలి. రెండోది, కంపెనీలకు చట్టబద్ధమైన దారి ఉండాలి. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1305వ సెక్షన్‌లో అది ఉంది. పారిపోయినవాడు రాష్ట్రం బయట ఉంటే, స్థానిక పోలీసు అధికారి సమక్షంలో అతన్ని కాసేపు ఆపి, ఆ అధికారి గుర్తించినట్టు ప్రమాణపత్రం తెస్తే, ఆ తర్వాత ప్రాసిక్యూటర్ అప్పగింత కోరనంటే బాండు జప్తు రద్దవుతుంది. అంటే కంపెనీ డబ్బు దక్కించుకోవడానికి మనిషిని సరిహద్దు దాటించనక్కర్లేదు. ఈ నియమం అన్ని రాష్ట్రాల్లోనూ ఉంటే వేటకు కారణమే సగం పోతుంది.

మిగతా సగానికి మందు వాషింగ్టన్‌లో ఉంది. అల్వారెస్ గొడవ తర్వాత సరిహద్దు అపహరణలను నిషేధిస్తూ అమెరికా, మెక్సికో 1994 నవంబరులో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అమెరికా సెనేట్ ఆమోదం దానికి నేటికీ లేదు.