వాయిదాల సూర్యుడు

అణుశక్తిని శాంతికి వాడుకోవడంపై 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సుకు మన హోమీ భాభా అధ్యక్షత వహించారు. తేలికైన అణు కేంద్రకాలు కలిసిపోయి సూర్యుడిలో శక్తి పుట్టించే ప్రక్రియే కేంద్రక సంలీనం, అంటే ఫ్యూజన్. దాన్ని అదుపులో పెట్టి శక్తి తీసే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని ఆ వేదిక మీదే జోస్యం చెప్పారు. ఏడు దశాబ్దాలు దాటాయి. ఫ్యూజన్ కరెంటుతో ఇప్పటికీ ఒక్క ఇంట్లో బల్బు వెలగలేదు. అలాగని ఈ పరిశోధనకు ప్రజాధనం ఆపేయమని మేం అనడం లేదు. ఆగాల్సింది తేదీల ప్రకటన. పెరగాల్సింది సొంతగడ్డ మీద ఖర్చు.

దక్షిణ ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో భారత్ సహా ఏడు పక్షాలు కలిసి కడుతున్న ఫ్యూజన్ ప్రయోగ యంత్రం ఐటర్ సంగతే చూడండి. ఒప్పందం కుదిరిన 2006లో, పదేళ్లలో యంత్రం మొదలవుతుందన్నారు. తర్వాత 2020 అన్నారు, ఆపై 2025 అన్నారు. 2024 జులైలో వచ్చిన కొత్త షెడ్యూలు ప్రకారం ప్రయోగాలు మొదలయ్యేది 2034లో. అసలు ఇంధనాలైన డ్యుటీరియం, ట్రిటియం (హైడ్రోజన్‌లోని బరువైన రకాలు)లను సంలీనం చేసేది 2039లో. అదనపు ఖర్చు 500 కోట్ల యూరోలు. ఇంతా చేసి ఐటర్ కరెంటు ఇవ్వదు. 50 మెగావాట్ల వేడి అందిస్తే 500 మెగావాట్లు పుడుతుందని నిరూపించడమే దాని పని.

ఆలస్యానికి శాస్త్రవేత్తల బద్ధకం కారణం కాదు. ప్లాస్మాను, అంటే విపరీతంగా వేడెక్కి విద్యుదావేశం పొందిన వాయువును పట్టి ఉంచే ఉక్కు పాత్రను ఒక్కోటీ 440 టన్నుల బరువున్న తొమ్మిది ముక్కలుగా చేయించారు. తీరా చూస్తే వెల్డింగ్ చేయాల్సిన అంచులు కొలతకు కుదరలేదు. వేడిని అడ్డుకునే కవచం మీది గొట్టాల్లో 2.2 మిల్లీమీటర్ల లోతు దాకా పగుళ్లు బయటపడ్డాయి. 2022 మేలో గోతిలోకి దించిన ముక్కను మరుసటి ఏడాది మళ్లీ పైకి తీయాల్సి వచ్చింది. ఇంతకుముందు ఎవరూ కట్టని యంత్రంలో ఇలాంటివి తప్పవు. తప్పవని తెలిసీ బిగుతైన గడువులు ప్రకటించడమే తప్పు.

నిధుల వైపు కథ ఇంకా విడ్డూరం. 2000 నాటికి నమూనా విద్యుత్ కేంద్రం, ఇరవై ఏళ్లలో 2,000 కోట్ల డాలర్లు అంటూ అమెరికా 1980లో ఏకంగా చట్టమే చేసింది. డబ్బు మాత్రం రాలేదు. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 37 కోట్ల డాలర్లకు పైగా పోసి 1986లో ఓ భారీ ఫ్యూజన్ యంత్రాన్ని పూర్తిచేశారు. ఒక్క ప్రయోగమైనా చేయకుండానే దాన్ని మూసేశారు. ఆరంభశూరత్వాన్ని ఆంధ్రులకు అంటగట్టడం అలవాటైపోయింది గానీ, వాషింగ్టన్ ఏమీ తీసిపోలేదు. ముందు కోతలు కోయడం, తర్వాత బడ్జెట్ కోయడం, ఆపై ఫలితమేదని నిలదీయడం అక్కడ రివాజైంది.

అదే లివర్‌మోర్‌లో 2022 డిసెంబరులో లేజర్లు ఫ్యూజన్ ఇంధనపు గుళికకు 2.05 మెగాజౌళ్ల శక్తి అందిస్తే 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చాయి. గొప్ప విజయమే. కానీ ఆ లేజర్లను నడపడానికి లాగిన కరెంటు సుమారు 300 మెగాజౌళ్లు. జనానికి ఈ రెండో లెక్క కూడా చెప్పాలి కదా!

ఇక మన వాటా. ఐటర్ మొత్తాన్ని లోపల పెట్టుకునే 3,850 టన్నుల క్రయోస్టాట్‌ను, అంటే అతిశీతల స్థితిని కాపాడే భారీ ఉక్కు గదిని గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. దాదాపు 9 శాతం ఖర్చు భరించి మొత్తం సాంకేతిక పరిజ్ఞానానికి హక్కు పొందడం చవక బేరమే. అయితే కాగితాల మీది పరిజ్ఞానం చేతికి రావాలంటే ఇంట్లో యంత్రం నడవాలి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ 1989లోనే ‘ఆదిత్య’ అనే ఫ్యూజన్ యంత్రాన్ని నడిపింది. తర్వాత వచ్చిన ఎస్ఎస్‌టీ-1లో ప్లాస్మాను 1,000 సెకన్లు నిలపాలనుకున్నారు. ఇంకా ఆ దరిదాపులకు చేరలేదు. 2025 జనవరిలో చైనా ఈస్ట్ యంత్రం 1,066 సెకన్లు, ఫిబ్రవరిలో ఫ్రాన్స్ వెస్ట్ 1,337 సెకన్లు నిలబెట్టి చూపించాయి.

మనకు కలిసొచ్చే అంశం ఒకటుంది. ట్రిటియం ప్రకృతిలో దాదాపు దొరకదు. నిల్వ చేసినా పన్నెండేళ్లకు కాస్త పైన సగమైపోతుంది. అది పుట్టే చోట్లలో ముఖ్యమైనవి భారజల (మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న నీరు) రియాక్టర్లు. మన అణు విద్యుత్తుకు అవే వెన్నెముక, వాటికి భారజలం అందించే కర్మాగారాల్లో మణుగూరుది ఒకటి. లిథియం నుంచి ట్రిటియం పుట్టించే విద్య ఏ దేశానికీ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. మన అనుభవం పనికొచ్చేది ఇక్కడే. కాబట్టి డబ్బు పెట్టాల్సింది కూడా ఇక్కడే.

ఐటర్‌కు ఇచ్చిందెంత, గాంధీనగర్‌కు ఇచ్చిందెంత, ప్లాస్మా ఎన్ని సెకన్లు నిలిచింది, ఎందరు ఇంజినీర్లు తయారయ్యారు అన్నది కేంద్రం ఏటా పార్లమెంటు ముందు విడివిడిగా పెట్టాలి. నిధులను ఏడాదికోసారి బతిమాలుకునే పరిస్థితి తప్పించి, ఐదేళ్లకోసారి ఖరారు చేయాలి. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అన్న లక్ష్యంలో గానీ, బొగ్గు తగ్గించే ప్రణాళికల్లో గానీ ఫ్యూజన్ నుంచి ఒక్క మెగావాటు కూడా వస్తుందని లెక్క కట్టరాదు.