కాఫీ మానేస్తే మధురవాడలో ఫ్లాట్ వచ్చేస్తుందా?

"బీచ్ రోడ్డులో కాఫీలు, వాయిదాల మీద ఫోన్లు మానేస్తే ముప్ఫై లోపే ఇల్లూ పెళ్లీ అయిపోతాయి. ఈ తరానికి బాధ్యతంటే భయం." విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. లెక్కకు నిలబడదు.

కాఫీ, ఫోన్ల ఖర్చు నెలకు 3,000 అనుకుందాం. 7 శాతం వడ్డీకి రికరింగ్ డిపాజిట్ కడితే పదేళ్లకు 5.2 లక్షలు. ఇక మధురవాడ వైపు 60 లక్షల ఫ్లాట్ చూడండి. ఆ స్థాయి రుణానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి ఫ్లాటు విలువలో 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు చేతిలోంచే. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే జీఎస్టీ 3 లక్షలు. మొత్తం 19.5 లక్షలు.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. 60 లక్షల ఫ్లాటుకు 45 లక్షలకే అగ్రిమెంటు రాసి, మిగతాది నగదు ఇమ్మని అమ్మేవాళ్లు అంటే బ్యాంకు 45 లక్షలకే లెక్క కడుతుంది. రుణం 36 లక్షలకు పడిపోతుంది. రిజిస్ట్రేషన్లో లక్ష చిల్లర మిగిలిందని సంబరపడితే, చేతిలోంచి అదనంగా 12 లక్షలు కావాలి.

"మా రోజుల్లో ఒక్క జీతంతో కట్టలేదా?" అంటారు. కట్టారు, నిజమే. పోర్టులో, స్టీల్ ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం, తక్కువ అద్దెకు క్వార్టరు, సొసైటీ స్థలం. అంతస్తు తర్వాత అంతస్తు లేపుకున్నారు. ఏటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు ఉద్యోగికి వీటిలో ఒక్కటీ లేదు.

పెళ్లి వాయిదాకు కారణం భయమా? సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న "సొంతిల్లుందా?" అనే కదా. పెళ్లికి కొనే బంగారం చూస్తే 2015లో 10 గ్రాములు 26 వేల చిల్లర, 2025లో లక్ష దాటింది. ఇల్లుంటేనే పిల్లనిస్తామని ఇటు పెద్దలు, జీతం చాలదని అటు బ్యాంకు. 48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల కిస్తీ నెలకు 41,650. మామూలుగా జీతంలో సగానికి మించి కిస్తీ ఒప్పుకోరు. చేతికి 40 వేలొచ్చే అబ్బాయికి దొరికేది 23 లక్షలే. తండ్రిని కలుపుకుందామంటే, రిటైర్మెంటు దగ్గరైతే గడువు తగ్గి కిస్తీ పెరుగుతుంది.

పెళ్లయి ఇద్దరికీ చెరో 40 వేలు వస్తుంటే జాయింట్ లోన్ 46 లక్షల దాకా వస్తుంది. అందులో ఒకరికి 10 వేల చదువు రుణం కిస్తీ ఉంటే 11.5 లక్షలు తగ్గుతుంది. ముందు దాన్ని తీర్చి ఇంటికి దరఖాస్తు చేయాలి.