మోకాలి నొప్పికి కట్టు కన్నా ముందు ఎక్స్‌రే

శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో తెల్లారకముందే ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎవరికైనా మోకాలు నొప్పి పెడితే ఇంట్లో అనేది ఒకటే మాట: "పరిగెట్టి పరిగెట్టి పట్టేసిందిరా." నూనె రాసి మర్దనా చేస్తారు, తగ్గకపోతే కట్టు కట్టిస్తారు. చాలామందికి తగ్గిపోతుంది కూడా. తగ్గని ఆ కొద్దిమంది గురించే నా బాధ.

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ల మధ్య పిల్లలకే వస్తుంది, అదీ మోకాలి చుట్టుపక్కలే. అరుదైన జబ్బే. కానీ రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, వారాలు గడిచినా తగ్గని గట్టి వాపు ఉంటే మర్దనా ఆపేసి ఎక్స్‌రే తీయించాలి.

అనుమానం వచ్చాక జరిగే పొరపాటు ఇంకా ప్రమాదం. గడ్డ కనపడగానే దగ్గర్లోని డాక్టరు మంచి ఉద్దేశంతోనే సూదితోనో కోతతోనో ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపేస్తారు. అయితే సూది దిగిన దారి పొడవునా క్యాన్సర్ కణాలు అంటుకుని ఉండొచ్చు. పెద్ద ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ దారినీ తీసేయాలి. అడ్డంగా పెట్టిన కోత, పెద్ద రక్తనాళం పక్కనుంచి దించిన సూది, కాపాడగలిగిన కాలిని కూడా పోగొట్టవచ్చు. అందుకే చివరి ఆపరేషన్ చేసే బృందమే బయాప్సీ చేయాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ఒక్క నియమం గట్టిగా పాటించినా కొందరు పిల్లల కాళ్లు నిలుస్తాయని నా నమ్మకం.

1970ల ముందు కాలు తీసేసినా ఐదుగురిలో నలుగురు దక్కేవారు కాదు. కంటికి కనపడని కణాలు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండేవి. ఇప్పుడు ముందు కొన్ని వారాలు కీమో ఇచ్చి, గడ్డ ఉన్న ఎముకను చుట్టూ ఉన్న కొంత కండతో సహా తీసి, లోహపు కీలు అమర్చి, మళ్లీ కీమో ఇస్తున్నారు. పాకకముందే పట్టుకుంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరు బతుకుతున్నారు.

పెద్దవాళ్లకు రొమ్ము క్యాన్సరో, ప్రోస్టేట్ క్యాన్సరో ఎముకకు పాకితే "ఇంకేం చేస్తాం, ఇంటికి తీసుకుపోదాం" అనేస్తారు. తొడ ఎముక విరిగేలా ఉందని ఎక్స్‌రేలో తెలిస్తే ముందే రాడ్ వేయించొచ్చు. ఆయుష్షు పెరుగుతుందని చెప్పలేం గానీ, ఉన్నన్నాళ్లు మనిషి తన కాళ్ల మీద తాను బాత్రూంకి వెళ్లగలడు. ఆ ఇంట్లో వాళ్లకు అది చిన్న విషయం కాదు.

విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇచ్ఛాపురం వాళ్లు అక్కడికి చేరాలంటే జిల్లా అంతా దాటి, విశాఖ నగరం దాటి, గాజువాక కూడా దాటాలి. కీమోకి ఆ దారిన మళ్లీ మళ్లీ తిరగాలి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ జరిగినా, తోడొచ్చిన వాళ్ల కూలి పోతూనే ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ఇంత అరుదైన ఆపరేషన్లు అక్కడే చేయమని నేను అడగను, వాటికి చేయి తిరిగిన బృందం కావాలి. అనుమానం వచ్చిన ఎక్స్‌రేని అదే రోజు విశాఖ బృందానికి పంపే ఏర్పాటు మాత్రం ఉండాలి. కీమోకీ కీమోకీ మధ్య రక్తపరీక్షలు, ఆపరేషన్ అయ్యాక కొత్త మోకాలు వంచడం నేర్పే ఫిజియోథెరపీ ఇక్కడే జరగాలి.