35 డిగ్రీలు దాటితే దొరకని ఎంఆర్‌ఎస్‌ఏ

ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా) అనగానే అందరి చూపూ జన్యువును వెతికే పీసీఆర్ యంత్రం మీదికి పోతుంది. ముందు చూడాల్సింది మాత్రం ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే వెచ్చని పెట్టె, అంటే ఇంక్యుబేటర్ థర్మామీటర్‌ను.

మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్‌లో మెక్‌ఏ అనే జన్యువు ఉంటుంది. అది తయారుచేసే పీబీపీ2ఏ ప్రొటీన్‌కు పెన్సిలిన్ జాతి మందులు సరిగా అతుక్కోవు. చిక్కేమిటంటే, చాలా స్ట్రెయిన్లలో ఈ నిరోధకత కొన్ని కణాల్లోనే గట్టిగా బయటపడుతుంది, వేడి పెరిగితే అదీ అణిగిపోతుంది. అందుకే బ్యాక్టీరియాను పెంచే ప్లేటును 33 నుంచి 35 డిగ్రీల మధ్యే ఉంచాలి. మిగతా కల్చర్లతో కలిపి 37 దగ్గర పెడితే ఎంఆర్‌ఎస్‌ఏ కాస్తా మామూలు స్టాఫ్‌లా కనిపించవచ్చు. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గాని చల్లబరచలేదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో, ఏసీ లేని గదిలో అది 35 దగ్గర నిలవడం అసాధ్యం. చల్లబరిచే సదుపాయమున్న బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి, దానికి కరెంటు పోయినా ఆగని బ్యాకప్ కావాలి. ఈ ఖర్చును తప్పించుకోవడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. 0.5 మెక్‌ఫార్లండ్ (మసకదనాన్ని కొలిచే ప్రమాణం) చిక్కదనంతో బ్యాక్టీరియాను కలిపిన ద్రావణాన్ని 15 నిమిషాల్లోపు 4 మిల్లీమీటర్ల మందమున్న ముల్లర్ హింటన్ అగర్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) మీద పరిచి, 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న డిస్క్ పెట్టాలి. 16 నుంచి 18 గంటల తర్వాత డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 21 మిల్లీమీటర్లు లేదా తక్కువుంటే ఎంఆర్‌ఎస్‌ఏ, 22 లేదా ఎక్కువుంటే కాదు. ఒక్క మిల్లీమీటరు తేడాతో మందు మారిపోతుంది కాబట్టి కంటి అంచనా పనికిరాదు, స్కేలుతో కొలవాల్సిందే. ఫ్రిజ్ నుంచి తీసిన డబ్బాను చల్లగా ఉండగానే తెరిస్తే డిస్కులకు చెమ్మ పట్టి మందు బలం తగ్గుతుంది. పరీక్ష సరిగా ఉందో చూడటానికి వాడే ఏటీసీసీ 25923 స్ట్రెయిన్‌కు వలయం 23–29 మిల్లీమీటర్ల మధ్య రాకపోతే ఆ రోజు ఫలితాలు పంపకూడదు.

ముందు ప్లాస్మాను గడ్డకట్టిస్తుందో లేదో చూసే కోయాగ్యులేజ్ పరీక్షతో అది ఆరియస్ అని తేల్చుకోవాలి. వేరే స్టాఫ్ జాతుల్లో చాలావాటికి కొలత వేరు.

రోగి ఒంటి మీద ఎంఆర్‌ఎస్‌ఏ ఉందేమో చూసే స్క్రీనింగ్‌లో ముక్కు స్వాబ్ ఒక్కటే తీస్తే కొందరు తప్పిపోతారు. గొంతు, గజ్జలు, పుండు ఉంటే పుండు నుంచీ తీయాలి. పీసీఆర్‌కూ పరిమితులున్నాయి: చికిత్స తర్వాత చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏనూ అది పాజిటివ్‌గా చూపగలదు, మెక్‌ఏని మాత్రమే వెతికే కిట్‌కు మెక్‌సీ (ఇదే నిరోధకతనిచ్చే మరో జన్యువు) రకం దొరకదు.

ఎంఆర్‌ఎస్‌ఏ అని తేలాక, దానికి వాడే వాంకోమైసిన్ మందు డిస్క్ పెట్టి ‘పనిచేస్తుంది’ అని రాసే అలవాటు వెంటనే మానాలి. కొంత నిరోధకత వచ్చిన స్టాఫ్‌ను ఆ డిస్క్ వేరు చేయలేదు. మందును వేర్వేరు మోతాదుల్లో ద్రవంలో కలిపి చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్‌తో ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు, మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో) చూడాలి: 2 లేదా తక్కువైతే మందు పనిచేస్తుంది, 4 నుంచి 8 అయితే కొంత నిరోధకత, 16 దాటినా, 16 అయినా నిరోధకమే. ఆ సౌకర్యం లేని ల్యాబ్ రిపోర్టులో వాంకోమైసిన్ గడిని ఖాళీగా వదిలి, శాంపిల్‌ను మెడికల్ కాలేజీ ల్యాబ్‌కు పంపాలి.