సవరణ: స్టాటిస్టిక్స్ ఈజీ అన్నది దేని గురించి

"కాలిక్యులస్ కంటే స్టాటిస్టిక్స్ ఈజీ" అని మొన్న నేను రాసిన పోస్టు చూసి, డేటా సైన్స్‌కి కాలిక్యులస్ వదిలేసినా పర్లేదా అని చాలామంది అడుగుతున్నారు. వదిలేయకండి. ఆ మాట అన్నది ఇంటర్ 2ఏలో మేం చదువుకున్న స్టాటిస్టిక్స్ చాప్టర్ గురించి మాత్రమే, మీన్ డీవియేషన్, వేరియన్స్ లాంటివి (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలు), టేబుల్ గీసి కూడుకుంటూ పోతే లెక్క వచ్చేస్తుంది. ఆ వాక్యాన్ని అంతవరకే తీసుకోండి.

అసలు స్టాటిస్టిక్స్ వేరు. కాలిక్యులస్‌లో ఇంటిగ్రేషన్ చేశాక ఆన్సర్‌ని తిరిగి డిఫరెన్షియేట్ చేస్తే తప్పో ఒప్పో అక్కడికక్కడే తేలిపోతుంది, స్టాటిస్టిక్స్‌లో ఆ సదుపాయం లేదు, లెక్క కరెక్టుగా చేసి కూడా అర్థం తప్పు చెప్పేయొచ్చు. ఉదాహరణకు 1000 మందిలో 10 మందికి ఓ జబ్బు ఉంది, టెస్టు ఆ 10 మందినీ పట్టేస్తుంది, కానీ జబ్బు లేనివాళ్లలో కూడా 5 శాతం మందికి పాజిటివ్ చూపిస్తుంది అనుకోండి. పాజిటివ్ వస్తే జబ్బు ఉండే అవకాశం 95 శాతం అనేస్తారు చాలామంది. 990 మందిలో 5 శాతం అంటే దాదాపు 50 మంది, అంటే పాజిటివ్ వచ్చిన 60 మందిలో నిజంగా జబ్బున్నది 10 మందికే, ఆరుగురిలో ఒకరికి! పాజిటివ్ వచ్చాక జబ్బుండే అవకాశం ఎంతో ఇలా లెక్కగట్టే బేయిస్ సూత్రం చిన్నదే, అలా ఆలోచించడం అలవాటు కావడానికే టైమ్ పడుతుంది.

ఇక స్టాటిస్టిక్స్‌లో తరచూ వచ్చే నార్మల్ కర్వ్ (గంట ఆకారపు గీత) కింద ఏరియానే ప్రాబబిలిటీ, ఆ ఏరియా అంటే ఇంటిగ్రేషనే, మామూలు పద్ధతుల్లో అది తెగదు కాబట్టే ఆ ఏరియాలు ముందే లెక్కగట్టిన జెడ్ టేబుల్ పుస్తకం వెనక ఇస్తారు. ముందు కాలిక్యులస్ బేసిక్స్ గట్టిగా చేసుకుని, తర్వాత ప్రాబబిలిటీలోకి దిగండి.