చైన్ సీన్ అయిపోయాక కూడా సినిమా ఉంది బాబూ

2025 నవంబరులో రాంగోపాల్ వర్మ సినిమా 'శివ' 4కెలో మళ్లీ వచ్చినప్పుడు మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. డిగ్రీ రెండో ఏడు వాడు. పాత మోనో సౌండ్‌ని, చుట్టూ అన్ని వైపుల నుంచీ వినిపించే డాల్బీ అట్మాస్‌కి మార్చారన్నారు, నా ఆశంతా దాని మీదే. తీరా వెళ్తే వినపడినవి ఈలలు. కొట్లాటలో చైన్ తెంపడానికి నాగార్జున సైకిల్ స్టాండ్ దగ్గర వంగగానే హాలంతా ఫోన్లు లేచాయి. ముందు వరసలో ఇద్దరు సీట్లెక్కి నిలబడ్డారు. చైన్ తెగిన చప్పుడు మాత్రం నా చెవిన పడలేదు.

సరే, అభిమానం. నేనూ ఒకప్పుడు కాగితాలు చింపి ఎగరేసినవాణ్ణే. కానీ ఆ సీన్ అవగానే పక్క సీటు కుర్రాడు బ్యాగు భుజాన వేసుకుని, "ఇంకేముంది అంకుల్, పీక్ అయిపోయిందిగా" అని లేచి వెళ్లిపోయాడు. ఇంకా గంటన్నర పైనే సినిమా ఉంది! ఈ పోస్టు ఆ కుర్రాడి కోసం.

'శివ' మొదటిసారి వచ్చింది 1989 అక్టోబర్ 5న. అప్పుడు నేను బెజవాడలో ఎనిమిదో తరగతి. అంతకు ముందటి డిసెంబర్ 26న బెజవాడ ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య జరిగింది. తర్వాత ఊళ్లో మంటలు, కర్ఫ్యూ. మా అమ్మ వీధి తలుపుకి గడియ పెట్టి, దానికి అడ్డంగా కుట్టుమిషను జరిపిన రాత్రి నాకింకా గుర్తుంది. ఆ తర్వాత పది నెలలు కూడా తిరక్కుండా ఈ సినిమా. ఆ హత్యకీ కథకీ సంబంధం లేదు. వర్మ విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివేటప్పుడు చూసిన గొడవల్లోంచి పుట్టిన కథ అది. అయినా మా బాబాయి పక్కన కూర్చుని చూస్తుంటే తెర మీది మనుషులు నాకు కొత్తగా అనిపించలేదు. అప్పటిదాకా సినిమా విలన్ అంటే రంగురంగుల లైట్ల డెన్ను, తిరిగే కుర్చీ. ఇందులో విలన్ భవానికి అవేవీ లేవు. మామూలు ఇల్లు, మామూలు బట్టలు. మన సందు చివర కూడా ఇలాంటివాడు ఒకడు ఉండొచ్చు. అసలు భయం అదీ.

"నాన్నా, ఈయన అరవడేంటి?" అన్నాడు మావాడు భవానిగా చేసిన రఘువరన్‌ని చూసి.

"అరిచే అవసరం ఎదుటివాడికి, ఆయనకి కాదురా" అన్నాను.

భవాని మాట మొదలుపెట్టే ముందు ఒక క్షణం ఆగుతాడు. ఎదుటివాడికి చెమటలు పట్టేది అక్కడే. పక్కన అతని మనిషి నానాజీగా తనికెళ్ల భరణి. డైలాగులు రాసిందీ ఆయనే. అందులో ఎవడూ పంచ్ కొట్టి, ఈల కోసం ఆగి, కెమెరా వైపు చూడడు. పని మాట్లాడుకుంటారు. ఎవణ్ణి కొట్టాలి, ఎవణ్ణి పిలిపించాలి. కిరాణా లెక్కలు చూసుకున్నట్టే ఉంటుంది.

మేకింగ్ అనగానే అందరూ స్టెడీకామ్ గురించి చెప్తారు. కెమెరాని ఒంటికి కట్టుకుని మనిషి వెనక పరిగెత్తినా ఫ్రేము అదరదు. మన సినిమాకి అప్పటికి అది కొత్త, ఎస్. గోపాలరెడ్డి గారు దాన్ని బాగా వాడారు, ఒప్పుకుంటాను. నాకు మాత్రం శబ్దమే ముఖ్యం. వర్మ వాళ్ల నాన్న అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టు. ఆ ఇంట్లో పుట్టినవాడి మొదటి సినిమాలో అడుగుల చప్పుడు కూడా భయపెట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఇళయరాజా కూడా ఎక్కడ వాయించాలో ఎంత తెలుసో, ఎక్కడ ఆపాలో అంతే తెలిసిన మనిషి.

ఇప్పటి థ్రిల్లర్లు చూడండి. టైటిల్స్ దగ్గర మొదలైన 'ధుమ్ ధుమ్' శుభం కార్డు దాకా ఆగదు. హీరో ఫ్రిజ్ తలుపు తీసినా అదే మోత. ఇక టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది, తలనొప్పి తప్ప? నలభై శవాలు లేపి, అర్ధరాత్రి వాన కురిపించి, నీలం లైటు వేస్తే క్రైమ్ సినిమా అయిపోదు. అందరూ 'శివ'ని చూసే నేర్చుకున్నాం అంటారు. నేర్చుకున్నది చైన్ ఒక్కటే! (దాన్ని చేత్తో తెంపడం అయ్యే పని కాదని మా సైకిల్ షాపతను అప్పుడే చెప్పాడు. అయినా మా క్లాసులో ముగ్గురు వేళ్లు కోసుకున్నారు.)

తర్వాత తను హిందీలో తీసిన క్రైమ్ సినిమా 'సత్య' కథ ఎలా పుట్టిందో వర్మ చాలాసార్లు చెప్పాడు. 1997 ఆగస్టు 12న ముంబైలో టీ-సిరీస్ క్యాసెట్ల కంపెనీ యజమాని గుల్షన్ కుమార్ హత్య జరిగింది. ఆ వార్త తెలిసినప్పుడు వర్మ ఒక నిర్మాత దగ్గర ఉన్నాడట. చనిపోయినాయన ఆ ఉదయం ఎన్నింటికి లేచాడు, ఏం చేశాడు అని ఆ నిర్మాత చెప్తుంటే, వర్మకి చంపినవాడి ఉదయం ఎలా గడిచిందా అని అనుమానం వచ్చిందట. వాణ్ణి ఎవరు నిద్రలేపారు, టిఫిన్ చేసి వెళ్లాడా, చేయకుండానే వెళ్లాడా? ఏడాది తిరక్కుండానే 1998లో సినిమా వచ్చింది. 'శివ'లో జేడీగా చైన్ దెబ్బలు తిన్న చక్రవర్తే అందులో హీరో. ఆ టిఫిన్ ప్రశ్న మన దర్శకుల్లో ఎంతమందికి వస్తుంది?

నన్ను ఇప్పటికీ కుర్చీ అంచుకి లాగేది మాత్రం 'శివ'లో సైకిల్ ఛేజే. నాగార్జున తొక్కుతుంటాడు, ముందు కడ్డీ మీద అన్న కూతురు, వెనక తరుముకొస్తున్న కారు. ఈసారి హాల్లో ఈలలు కాస్త తగ్గాయి, అట్మాస్ డబ్బులు అక్కడ గిట్టాయి. కారు ఇంజను మోత నా వీపు వెనకనుంచే వస్తున్నట్టుంది. మావాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక దాని గురించి వెతికితే వర్మ పెట్టిన పోస్టు కనపడింది. ఆ షాట్లలో పాపకి ఎంత భయం పెట్టానో అప్పుడు గ్రహించలేదని, దర్శకుడి దురాశ కళ్లు కప్పేసిందని, ఇన్నేళ్ల తర్వాత ఆమెకి క్షమాపణ చెప్పాడు. ముప్పై ఆరేళ్లుగా ఆ పాప మొహంలో బెదురు చూసి 'అబ్బ, ఏం తీశాడు' అనుకున్నవాణ్ణి నేను. అది నటన కాకపోవచ్చని ఒక్కసారీ తట్టలేదు. ఆ షాట్ మీద ఇష్టం పోలేదు గానీ, ఇకమీదట మునుపటిలా చూడలేను.

పక్క సీటు కుర్రాడు ఆపాటికి ఎప్పుడో పార్కింగ్‌లోంచి బండి తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. రీలూ పెట్టేసి ఉంటాడు, చైన్‌ది.